రొమ్మెత్తు గురి

గోవిందయ్య చేతులు వణకలేదు. మొదటి రోజే రాజారత్నానికి నచ్చింది అది.

ఒకసారి పేల్చి ఖాళీ అయిన ఇత్తడి తూటా గొట్టాన్ని చెక్కదిమ్మలో నిలబెట్టి, కాగితం పొట్లంలోంచి నల్లమందు దాంట్లోకి జార్చాలి. కొత్తవాళ్ళకు ఆ కాస్త పనికే చెమటలు పడతాయి. మందు గొట్టం అంచున పడుతుంది, దిమ్మ మీద పడుతుంది, ఒళ్ళో పడుతుంది. గోవిందయ్య మాత్రం గొర్రు జడ్డిగంలోకి విత్తనం వదిలేవాడిలా, బొటనవేలు కదిలీ కదలకుండా, సన్నటి ధారగా వదిలాడు. ఒక్క పలుకు కింద పడలేదు.

"ఇంక అట్టబిళ్ళ పెట్టు," అన్నాడు రాజారత్నం. "దట్టించేటప్పుడు చేత్తో కాదు, చెవితో దట్టించాల. కర్ర ఆనినట్టు తెలిస్తే ఆపేయాల. బలం చూపించేదానికి ఇది మొద్దులు కొట్టే పని కాదు."

"అట్నే సార్."

రాజారత్నం భార్య సంతోషమ్మ వాకిట్లో వేపచెట్టు కింద బియ్యం ఏరుతూ కూర్చుంది. పాఠం నడిచినంతసేపూ పొయ్యి వెలిగించకూడదని మొగుడి ఆర్డరు. తలుపులూ కిటికీ తెరిచి ఉంచాలి, బీడీ వాసన కూడా ఆ దరికి రాకూడదు. దాంతో ఆ ఇంట్లో పగటి వంట సాయంత్రానికి జరిగిపోయింది.

రాజారత్నం సైన్యంలో మందుగుండు గోదాములో పనిచేసి వచ్చినవాడు. పూతలపట్టు కూడలిలో, చిత్తూరు బస్సులు ఆగేచోటికి ఎదురుగా, స్టవ్వులూ తాళాలూ టార్చిలైట్లూ బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. అంగడి వెనక గదే ఇల్లు. కూడలిలో అందరికీ అతను 'మిలిట్రీ'. "ఏమప్పా మిలిట్రీ, ఇది కొంచెం సూడు" అని వీధిలోంచే స్టవ్వు లోపలికి తోసేవాళ్ళు. దాహమేస్తే పక్క కాఫీ హోటలుకు పోయేవాళ్ళు తప్ప అక్కడ మంచినీళ్ళు అడిగినవాడు లేడు. గోవిందయ్య భూమి ఉన్న కాపుబిడ్డ. అతను చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. చాప మీద కూర్చున్నాడు. సంతోషమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసు పెదవులకు ఆనించి తాగి, "నాకు తూటాలు కట్టేది నేర్పీయండి సార్" అని అడిగాడు. వాళ్ళ నాయన నాటి ఒంటిగొట్టం తుపాకి ఉంది. పైరు కాపలాకని ఇచ్చిన లైసెన్సు ఈ మధ్యే తన పేరు మీదికి మారింది. చిత్తూరు అంగళ్ళలో తూటాలు దొరకడం లేదు. చెనిక్కాయ చేలో అడివిపందులు పడుతున్నాయి.

ఆ 'సార్' విన్న రోజునుంచి రాజారత్నం పాఠం రోజుల్లో ఉతికిన చొక్కా వేసుకుంటున్నాడు. సంతోషమ్మ చూసి ఊరుకుంది.

వారం తిరక్కుండానే గోవిందయ్య చేతికి పని అబ్బింది. పాత అట్టలోంచి బిళ్ళలు గుండ్రంగా కోసేవాడు. సీసం గుళ్ళు అరచేతిలో దొర్లించి, సొట్టపడినవాటిని పక్కన పెట్టేవాడు. మూతి మీద మైనం పూసి, చల్లారేదాకా ఊదకుండా ఓపిగ్గా కూర్చునేవాడు. మాటలు తక్కువ. అడిగే ప్రశ్నలు మాత్రం రోజురోజుకీ మారుతూ వచ్చాయి. మొదట్లో పందిని బెదరగొట్టడం ఎట్లా అని అడిగేవాడు. తరవాత గుళ్ళు ఎంత దూరంలో చెదురుతాయని అడిగాడు. ఆ రోజు, మైనం ఆరుతుండగా, తల ఎత్తకుండానే అడిగాడు.

"చెదరకుండా ఒకేతావ తగలాలంటే సన్న గుళ్ళు పనికిరావు గదా సార్?"

"పందికి సన్న గుళ్ళే చాలు. బెదిరి పోతాది."

"బెదిరి పోతే మళ్ళీ వస్తాది సార్."

గోవిందయ్య లేచి, చాప దులిపి, గోడకు ఆనించి, దండం పెట్టి వెళ్ళిపోయాడు.

సంతోషమ్మ పొయ్యి రాజేసింది. చితుకులు విరుస్తూ, "ఆయప్ప పెండ్లాన్ని చూసినాను ఈ పొద్దు" అంది. "మునిలక్ష్మి. కరువు పనిలో కంకర మోస్తా ఉండాది."

"మోస్తే?"

"చేలో కాయ ఉండేవాళ్ళు కలుపు తీసుకుంటారా, కంకరకొస్తారా?"

"కూలి దుడ్లు ఎవురికి చేదు?"

"ఏమో. నాకు తెలిసింది చెప్పినాను," అని ఆమె పొయ్యి ఊదడానికి వంగింది. పొగలోంచే మళ్ళీ అంది. "ఆయప్ప నవ్వంగా నేను చూడలేదయ్యా. నువ్వు చూసినావా?"

ఆదివారం ప్రార్థన ముగిశాక రాజారత్నం ఇంటికి పోకుండా సైకిలు గోవిందయ్య చేలవైపు తిప్పాడు. శిష్యుడి చేను ఒకసారి చూడాలనిపించిందని తనకు తాను చెప్పుకున్నాడు.

దోవలో మామిడి తోపులు దాటాక నేల ఎర్రగా, పెంకులా ఉంది. గోవిందయ్య చేనెక్కడో అడగాల్సిన పని లేకపోయింది. గట్టుకు ఒకవైపు చెరకు పచ్చగా, మనిషెత్తు దాటి నిలబడి ఉంది. అది దొరస్వామిది. కిందటేడు రిగ్గు లారీ తెప్పించి బోరు వేయించినవాడు ఆ చుట్టుపట్ల అతనొక్కడే. ఇటువైపు ఏమీ లేదు. చెనిక్కాయ చెట్లు జానెడు కూడా లేవకముందే మాడి, నల్లగా నేలకు అంటుకుపోయి ఉన్నాయి. మేకలు కూడా వాటిని ముట్టలేదు.

రాజారత్నం సైకిలు పడుకోబెట్టి బావిలోకి తొంగిచూశాడు. అడుగున బురద కూడా లేదు. ఎండి పగిలిన మట్టిపెళ్ళల మీద పావురాలు నడుస్తున్నాయి. గట్టు అవతల బోరుగొట్టం నీళ్ళు తొట్టిలో పడుతున్న చప్పుడు ఇక్కడికి స్పష్టంగా వినబడుతోంది.

పందులు ఏం తినడానికి వస్తాయి ఈ చేలోకి?

బావి పక్కన మొండి తాటిమాను ఒకటి ఉంది. దగ్గరికి పోయి చూస్తే మాను నిండా దెబ్బలు. మొదటివి చెదిరి ఉన్నాయి. తరవాతివి దగ్గరయ్యాయి. చివరి దెబ్బ మీద అరచేయి పెడితే అన్ని తూట్లూ దాని కింద మూసుకుపోయాయి. ఆ అరచేయి తన రొమ్ముకు సరిగ్గా ఎదురుగా ఉందని రాజారత్నం గమనించి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పంది మోకాలెత్తు ఉంటుంది. మహా అయితే ఇంకో జానెడు.

"రండి సార్." గోవిందయ్య ఎప్పుడొచ్చాడో, వెనక నిలబడి ఉన్నాడు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఎండలో ఎందుకొచ్చినారు. చెప్పి పంపితే నేనే వచ్చేవాణ్ణి గదా."

"పంది ఇంత ఎత్తు ఉంటుందా గోవిందయ్యా?"

గోవిందయ్య మాను వైపు చూశాడు. తరవాత గట్టు అవతలికి చూశాడు. అక్కడ షెడ్డు ముందర దొరస్వామి, చేతులు వెనక్కి కట్టుకుని, నీళ్ళు పారేది చూస్తూ నిలబడి ఉన్నాడు. తెల్లపంచె, చొక్కా లేని ఒళ్ళు.

"నేను కొట్టేది పరిగెత్తేది కాదు సార్," అన్నాడు గోవిందయ్య నెమ్మదిగా. "ఒకేతావ నిలబడుకోనుంటాది."

"ఏందది?"

"మీకు తెలియకపోతేనే మేలు సార్. రేపు ఎవురన్నా అడిగితే మీరు అబద్ధం చెప్పాల్సిన పనుండదు." అతని గొంతులో కోపం లేదు. పాఠంలో "అట్నే సార్" అన్న గొంతే. "దాహమైనట్టుండారు. కడవలో నీళ్ళుండాయి, తెమ్మంటారా?"

రాజారత్నం వద్దని సైకిలు లేపుకున్నాడు. పిస్టన్లూ వాషర్లూ బిగించిన చేతులతో తాను ఏం బిగించాడో అర్థమవుతున్నకొద్దీ పెడలు గట్టిగా తొక్కాడు. మందు జార్చే ఆ బొటనవేలు గుర్తొచ్చింది. దాన్ని మెచ్చుకున్నది తానే.

స్టేషనుకు పోతే? గోవిందయ్యను చావబాదుతారు. నేర్పినవాణ్ణీ వదలరు. పోకపోతే? చెరకుతోట దాటాక దారి రెండుగా చీలింది. రాజారత్నం కూడలి వైపు కాకుండా దొరస్వామి ఊరివైపు తిరిగాడు.

దొరస్వామి అప్పుడే చేనినుంచి వచ్చి పందిట్లో నులకమంచం మీద కూర్చుని కాళ్ళు కడుగుకుంటున్నాడు. రాజారత్నాన్ని చూసి, "ఏమప్పా మిలిట్రీ, ఇట్లొచ్చినావు?" అన్నాడు. కూర్చోమనలేదు. రాజారత్నం పందిరి గుంజ పక్కన నిలబడి, తలవంచుకుని, చెప్పాల్సింది చెప్పాడు. మాడిన చేను సంగతి, తాటిమాను సంగతి, రొమ్మెత్తు సంగతి.

దొరస్వామి చెంబు కింద పెట్టాడు. "వానికి తూటాలు యాడివి?"

"నేనే నేర్పినాను సామీ. పందులకంటే నేర్పినాను."

దొరస్వామి ముఖంలో భయం వచ్చింది, పోయింది. పోయినచోట ఇంకేదో మిగిలింది. అది రాజారత్నానికి నచ్చలేదు.

"పోలీసులదాకా పోవద్దండి," అన్నాడు తొందరగా. "మీరు కొన్నాళ్ళు ఒంటిగా చేనికాడికి పోకుండా ఉంటే చాలు. కుదిరితే ఆయప్ప చేనికి ఒక తడి నీళ్ళిడిసిపెట్టండి. మనిషి చెడ్డోడు కాదు."

"సరేలే. మంచిపని చేసినావు. నేను సూసుకుంటాను." ఇంట్లోకి కేకేసి, "ఈయప్పకు మజ్జిగ పోయండి" అన్నాడు. పనిమనిషి చెంబుతో వచ్చింది. రాజారత్నం వంగి దోసిలి పట్టాడు. ఆమె ఎత్తునుంచి పోసింది. మోచేతులమీదుగా కారి ఆదివారం చొక్కా తడిసింది.

మరునాడు పొద్దున పోలీసు జీపు వచ్చింది.

కూడలిలో కానిస్టేబులు బీడీలు కొనడానికి ఆపారు. రాజారత్నం స్టవ్వు బర్నరు చేతిలో పట్టుకుని అంగట్లోంచి చూశాడు. గోవిందయ్య వెనక సీటులో ఇద్దరి మధ్య కూర్చుని ఉన్నాడు. పెదవి చిట్లి వాచింది. తుపాకిని గోనెపట్టాలో చుట్టి కాళ్ళకింద పడేశారు. తాను కట్టడం నేర్పిన తూటాలు ఎస్సై ఒళ్ళో, తువ్వాల మూటలో ఉన్నాయి.

"ఈడ తూటాలు కట్టేది ఎవురికి తెలుసు?" అని ఎస్సై జీపు దిగకుండానే వీధిని అడిగాడు. కాఫీ హోటలు ముందరి మాటలు ఆగిపోయాయి. ఒకరిద్దరి కళ్ళు అంగడివైపు తిరగబోయాయి.

"చెప్తిని గదా సార్," అన్నాడు గోవిందయ్య. అతను తల ఎదురుగా రోడ్డువైపే పెట్టుకున్నాడు. "మా నాయన నేర్పినాడు. ఆయన సచ్చిపోయినాడు."

చెంపదెబ్బ చప్పుడు బస్సు హారన్లో సగం కలిసిపోయింది. జీపు కదిలింది.

రాజారత్నం బర్నరు బిగించాడు, విప్పాడు, మళ్ళీ బిగించాడు. లోపల సంతోషమ్మ దిమ్మనూ కర్రనూ కాగితం పొట్లాలనూ సంచిలో వేసుకుని, కొంగు కప్పుకుని పెరటి దారిన పోయింది. తిరిగొచ్చాక చేతులు కడుక్కుంది. ఎక్కడ పడేసిందో అతను అడగలేదు. ఆమె కూడా ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం వేళకే పొయ్యి వెలిగించింది.

అన్నం వార్చే వేళకు మునిలక్ష్మి వచ్చింది. జుట్టునిండా కంకర దుమ్ము. పని మధ్యలో వదిలేసి వచ్చినట్టుంది, తలమీద చుట్టగుడ్డ అట్లాగే ఉంది. గడప అవతలే నిలబడింది.

"ఏమన్నా అయితే సార్ దగ్గరికి పో అని చెప్పినాడు," అంది. "మీకు ఇంగిలీసు వస్తాదంట గదా. ఒక మాట చెప్పండి సార్ వాళ్ళకు. మనిషిని సంపాలని పెట్టుకున్నాడంటా రాసుకుంటుండారు. నా మొగుడు ఆ మాట అనలేదు."

"మరి దేనికమ్మా అవన్నీ?" అన్నాడు రాజారత్నం.

"పెట్టెను కొడతానన్నాడు సార్."

"ఏ పెట్టె?"

"మోటరు పెట్టె. షెడ్డు ముందర నాటిన రాతికూసానికి బిగించి ఉండాదే, స్టార్టరు." ఆమె తన రొమ్ముకు ఎదురుగా చెయ్యి పెట్టి చూపించింది. "అది పగిలితే మోటరు కొన్నాళ్ళు ఆగిపోతాదంట. ఆఫీసరు వచ్చి, బోరు నీళ్ళు వేరే, బావి నీళ్ళు వేరే, నీ బావి దానంతట అదే ఎండింది అని చెప్పి పోయినాడు సార్. ఎన్నిసార్లు తిరిగినా అదే మాట. మోటరు ఆగినన్నాళ్ళు మన బావిలో ఊట దిగుతాదేమో సూద్దాం, దిగితే పిలిపించి సూపిద్దాం అన్నాడు. చేత్తో పగలగొట్టబోతే కరెంటు పట్టుకుంటాది, కుక్కలుండాయి, దూరంనించే కొట్టాల అన్నాడు. పెట్టె దగ్గర ఎవురూ లేని పొద్దు సూసి కొడతానని నా తలమీద చెయ్యి పెట్టి చెప్పినాడు."

సంతోషమ్మ లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. మునిలక్ష్మి గడప మీద కూర్చుని, చెంబెత్తి గుక్కతిప్పుకోకుండా తాగింది.

రాజారత్నం గోడకు చేరగిలబడ్డాడు. ఆదివారంనాడు తాటిమాను పక్కన నిలబడి తాను ఆ షెడ్డు వైపు చూశాడు. షెడ్డు ముందర రాతికూసం ఉండే ఉంటుంది. దానికి పెట్టె ఉండే ఉంటుంది. తన కంటికి ఆనలేదు. దానికి రెండడుగుల దూరంలో నిలబడిన మనిషే కనబడ్డాడు.

చిత్తూరు కోర్టులో జామీను దొరకడానికి మూడు దఫాలు తిరగాల్సి వచ్చింది. రాజారత్నం తన పెన్షను కాగితాలూ ఇంటి పట్టా పెట్టి సంతకం చేశాడు. గుమాస్తా ఆ సంతకాన్ని, మనిషిని మార్చి మార్చి చూసి, "ఈయన నీకేమైతాడు?" అని అడిగాడు. రాజారత్నానికి చెప్పడానికి ఏ వరసా తోచలేదు. "తెలిసినాయన" అన్నాడు.

గోవిందయ్య బయటికి వచ్చేసరికి గడ్డం మాసి, చిక్కిపోయి ఉన్నాడు. కుడిచేతి బొటనవేలికి గుడ్డ కట్టి ఉంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, వేలిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"పుత్తూరు పోయి ఎముకలు కట్టేవాళ్ళకు ఆ వేలు చూపించుకోవాల," అన్నాడు రాజారత్నం, బస్సు ఊరు దాటాక.

"విరగలేదు సార్. తొక్కినారు."

బస్సు గతుకులో ఎగిరిపడింది. రాజారత్నం ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని అనిపించింది.

"దొరస్వామికి చెప్పింది నేనే గోవిందయ్యా. నువ్వు మనిషిని కొడతావనుకున్నాను."

గోవిందయ్య కిటికీలోంచి తల తిప్పలేదు. "తెలుసు సార్. స్టేషన్లో దొరస్వామన్న నా ఎదురుగానే చెప్పినాడు, మిలిట్రీవాడు వచ్చి కాళ్ళమీద పడి చెప్పినాడని. మీరు నేర్పిన సంగతి మాత్రం ఎత్తలేదు."

"కాళ్ళమీద పడలేదు," అన్నాడు రాజారత్నం. వెంటనే ఆ మాట అన్నందుకు సిగ్గుపడ్డాడు. "మరి నా పేరు ఎందుకు చెప్పలేదు నువ్వు? చెప్పింది నేనని తెలిసినాక కూడా?"

"ఆయన చెప్పింది ఆయన చెప్పినాడు. నేనెందుకు చెప్పేది." అదే నెమ్మదైన గొంతుతో అన్నాడు. "అప్పుడు నాకు మనిషిని కొట్టాలని లేదు సార్."

రాజారత్నం తరవాతి మాట కోసం చూశాడు. అది రాలేదు. టికెట్లిచ్చే కండక్టరు వాళ్ళ వరస దాటిపోయాడు. ఎండ కిటికీలోంచి గోవిందయ్య మోకాళ్ళమీద పడి, తొలగిపోయి, మళ్ళీ పడుతోంది.

కూడలిలో దిగాక రాజారత్నం అంగడివైపు చూడలేదు. "రోడ్డుమీద పోదాం," అన్నాడు. "గట్టుదారి వద్దు. దొరస్వామి బావమరిది వచ్చుండాడు. రెండుగొట్టాల తుపాకి తెచ్చుండాడంట. పగలంతా షెడ్డుకాడే కూర్చోనుంటాడు."

"మా గట్టుమీద మేము నడిచేదానికేమి సార్?"

"నా మాట విను."

గోవిందయ్య అప్పుడు అతని ముఖంలోకి చూశాడు. ఆ చూపులో నింద కోసం రాజారత్నం వెతికాడు. ఏమీ దొరకలేదు. గోవిందయ్య కట్టు కట్టిన చేతిని చొక్కాజేబులో దోపుకుని చేలవైపు నడిచాడు.

రాజారత్నం ఇంటిదారి పట్టలేదు. వెనకాలే నడిచాడు.

మామిడి తోపు దాటాక గట్టు మొదలైంది. ఎడమవైపు మాడిన చేను. కుడివైపు చెరకు, దాని మొదట్లో కాలువ, కాలువ నిండా పారుతున్న నీళ్ళు. దూరంగా, అదే వైపు చెరకు ఆగినచోట, షెడ్డు నీడలో మంచం మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. గట్టుమీద అలికిడి చూసి లేచి నిలబడ్డాడు. ఒళ్ళోంచి పొడుగ్గా ఏదో చేతికి మారింది. అతను పిలిచినట్టున్నాడు, షెడ్డులోంచి దొరస్వామి కూడా బయటికి వచ్చాడు.

గోవిందయ్య ఆగలేదు. నడక పెంచలేదు, తగ్గించలేదు. గట్టు ఒక్క మనిషి నడిచేంత వెడల్పే ఉంది.

రాజారత్నం చెప్పులు విడిచి చేత పట్టుకుని, కుడివైపు కాలువలోకి దిగాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. పంచె మోకాళ్ళదాకా తడిసింది. బురద అడుగడుక్కీ పాదాన్ని పట్టుకుంటున్నా, నాలుగు అంగల్లో గోవిందయ్యను అందుకుని, అతనికీ షెడ్డుకూ మధ్య నడవసాగాడు.

"పైకి రండి సార్, బురద," అన్నాడు గోవిందయ్య.

"పరవాలేదు," అన్నాడు రాజారత్నం. "నువ్వు నడువు."